ఏ కోటకు వెళ్దామంటావు?

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం సాయంత్రం

ప్రియమైన వాసూ,

నీ ఉత్తరం మొన్న అందింది. తొమ్మిది రోజుల సెలవులో జర్మనీ, ఫ్రాన్స్, స్కాట్లండ్, వేల్స్ నాలుగూ చుట్టి వద్దామన్న నీ ఉత్సాహం చూసి మా ఇంటావిడ ఒక్కటే మాట అడిగింది: "అన్నయ్యగారు కోటలు చూడడానికి వెళ్తున్నారా, విమానాశ్రయాలు చూడడానికా?" నవ్వుతూనే అన్నది గాని, రెండేళ్ళ కిందట మేము పడ్డ పాట్లు ఆమె మరిచిపోలేదు. ఒక టూర్ కంపెనీ మాట నమ్మి ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు తిరిగినప్పుడు, రైన్ నది ఒడ్డున కొండ మీద కోట కనబడగానే బస్సు ఆపి పదిహేను నిమిషాలు వ్యవధి ఇచ్చారు. అందులో పది నిమిషాలు మరుగుదొడ్డి ముందు వరుసలోనే గడిచిపోయాయి. ఆ కోటను నేను చినుకులు పడ్డ బస్సు అద్దంలోంచి చూశాను. అందుకే ఈసారి ఒకే దేశం, ఒకే ఊరు, ఒకే బస అని పట్టుబడుతున్నాను.

మీ అమ్మాయి పంపిన జర్మనీలోని నోయిష్వాన్‌స్టైన్ కోట ఫొటో అందంగానే ఉంది, కాదనను. కాని అది మనం చదువుకునే రోజుల్లో ఎగబాకిన కొండపల్లి వంటి కోట కాదు. బవేరియా రాజు రెండవ లుడ్విగ్ 1869లో, అంటే ఐరోపాలో రైళ్ళు తిరుగుతున్న కాలంలో, పాత వీరగాథల మీది మోజుతో మొదలుపెట్టించిన సౌధం అది. 1886లో ఆయన చనిపోయే నాటికి పూర్తి కానే లేదు. ఆ తరువాత కొద్ది వారాలకే టికెట్టు పెట్టి జనాన్ని లోపలికి వదిలారు. ఇప్పటికీ టికెట్టు మీద వేసిన సమయానికి గుంపుగా వెళ్ళి, గైడు వెంట అరగంటలో బయటపడాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు. "జరగండి, జరగండి" అనిపించుకోవడం తిరుమలలో స్వామి కోసమైతే సరే గాని, లుడ్విగ్ కోసం నా వల్ల కాదు.

ఫ్రాన్సులో లువార్ లోయ సంగతి వేరు. ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు ఎదురుపడకుండా పెనవేసుకున్న షాంబోర్ మహలు జంట మెట్లు, షేర్ నది మీద వంతెనలా సాగిన షెనోన్సో చూడవలసినవే. అయితే అవి రాజులూ, వాళ్ళ కొలువులోని పెద్దలూ వేటకూ విలాసానికీ కట్టించుకున్న మహళ్ళు. శత్రువు కోసం కాచుకుని కూర్చున్న గోడలు కావాలనే నీకు అక్కడ రెండో రోజుకే విసుగు పుడుతుంది.

నా ఓటు ఉత్తర వేల్స్‌కు, అందులోనూ కాన్వీ అనే చిన్న ఊరికి. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను జయించి, అక్కడి జనం మళ్ళీ తల ఎత్తకుండా 1283 నుంచి సముద్రతీరం వెంబడి వరసగా కోటలు కట్టించాడు. కాన్వీ, కార్నార్వాన్, హార్లెక్, బ్యూమారిస్ నాలుగూ కలిపి 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. కాన్వీలో ఎనిమిది పెద్ద బురుజులతో కోట, దానిని అంటిపెట్టుకుని ఊరి చుట్టూ సుమారు 1.3 కిలోమీటర్ల ప్రాకారం, దానికి 21 బురుజులు. ఆ ప్రాకారం మీద చాలా మేరకు నడవవచ్చు. ఒక పక్క పడవలు నిలిచిన నది, మరో పక్క పెంకుటిళ్ళ పెరళ్ళు, ఆరేసిన బట్టలు కనబడతాయట. కోట పక్కన 1826లో టెల్ఫర్డ్ అనే ఇంజనీరు కట్టిన వేలాడే వంతెన స్తంభాలను కూడా బురుజుల్లాగే మలిచారు. బ్యూమారిస్ కథ నీకు మరీ నచ్చుతుంది: 1295లో అన్నిటికన్నా పకడ్బందీగా మొదలుపెట్టి, స్కాట్లండు యుద్ధాలకు డబ్బు మళ్ళించడంతో పూర్తి ఎత్తు లేవకుండానే ఆగిపోయింది. మన ఊళ్ళో స్లాబు దగ్గర ఆగిన ఇళ్ళు గుర్తుకు రావడం లేదూ?

పల్లెసీమ కోసం వేరే ప్రయాణం అక్కరలేదు. గొర్రెలు, రాళ్ళు పేర్చి కట్టిన పొలం గోడలు, వాగులు అన్నీ ఊరు దాటగానే మొదలవుతాయి. కోటల్లో మెట్లు ఇరుకైన సుడి మెట్లు, అరిగిన రాయి. మా ఆవిడ మోకాళ్ళకు అవి పడవు, కనుక ఆమె కింద ఆవరణలో కూర్చుంటుంది, మనమే పైకి వెళ్దాం. కాని 1,085 మీటర్ల స్నోడన్ కొండ మీదికి 1896 నుంచి నడుస్తున్న చిన్న పళ్ళచక్రాల రైలు ఉంది. వాతావరణం అనుకూలిస్తే అది శిఖరం దాకా తీసుకుపోతుంది, అక్కడ మాత్రం నలుగురం కలిసి నిలబడవచ్చు.

ఇక్కణ్ణుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది. లండన్ నుంచి రైల్లో సుమారు మూడు గంటలకు కాన్వీకి నది అవతలి ఒడ్డున ఉన్న లాండుడ్నో జంక్షన్‌లో దిగుతాం. అక్కడ కూడా బండి ఎడమ పక్కనే నడపాలి, మన లైసెన్సు పర్యాటకులకు పన్నెండు నెలలు చెల్లుతుంది, కనుక హార్లెక్‌కు కారు తీసుకుందాం. స్టీరింగు నీది, తోవ చూపడం నాది. నువ్వు నాలుగు దేశాలు అన్నావు గాని, బ్రిటన్‌కు ఒక వీసా, ఫ్రాన్స్, జర్మనీలకు షెంగెన్ వీసా వేరే. రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూసే ఓపిక నాకు లేదు. నీకు వేల్స్ బొత్తిగా నచ్చకపోతే రైన్‌కు ఒప్పుకుంటాను. బింగెన్, కోబ్లెంజ్ మధ్య 65 కిలోమీటర్ల లోయ, పడవ ప్రయాణం, ఎన్నడూ కూలని మార్క్స్‌బర్గ్ కోట ఉన్నాయి. కాని ఈసారి బస్సు అద్దం వద్దు.

మే నెలాఖరైతే రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది, గొడుగు మాత్రం తప్పదు. మీ ఇద్దరి పాస్‌పోర్టుల గడువు తేదీలు గురువారం లోగా రాయి. చెల్లెమ్మతో ఆవకాయ, కందిపొడి ఎంతైనా సర్దుకోమని చెప్పు. పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు అక్కడికి రానివ్వరు, కస్టమ్స్ వాళ్ళ ముందు నువ్వు నిలబడి మొత్తం తినేయవలసి వస్తుంది.

నీ
మూర్తి