నిజం చెప్పిన పిల్లలను వెళ్లగొట్టకండి: స్కౌటింగ్ అమెరికా అధిపతికి బహిరంగ లేఖ

స్కౌటింగ్ అమెరికా (మునుపటి బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా) ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
ఇర్వింగ్, టెక్సాస్.

నమస్కారం.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. మీ జాతీయ కార్యాలయం ఉన్న ఇర్వింగ్‌లోనూ, చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లలోనూ తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మా పిల్లలు మీ ఖాకీ చొక్కా వేసుకుని క్యాంపులకు వెళ్తున్నారు, ముడులు వేయడం, మంట రాజేయడం, ప్రథమ చికిత్స చేయడం నేర్చుకుంటున్నారు. ఆ చదువు మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ మాట మీతో చెప్పాలనిపించింది. అయితే పిల్లలను చేర్పించిన తల్లిదండ్రుల్లో చాలామంది తాము సంతకం పెట్టిన దరఖాస్తును పూర్తిగా చదవలేదని నా అనుమానం. వారు కూడా ఇది చదవాలి.

ఆ దరఖాస్తు వెంట మత సూత్రాల ప్రకటన ఒకటి ఉంటుంది. భగవంతుని పట్ల తనకొక బాధ్యత ఉందని గుర్తించకుండా ఏ సభ్యుడూ ఉత్తమ పౌరుడిగా ఎదగలేడని దాని సారాంశం. ఏ మతమైనా ఫరవాలేదని కూడా అందులో ఉంది కాబట్టి, మనకేమీ ఇబ్బంది లేదులే అనుకుని మావాళ్లు సంతకం పెట్టేస్తారు. హిందూ పిల్లలకు ధర్మ పేరుతో ఒక పురస్కారం ఉందని తెలిసినప్పుడు సంతోషిస్తారు కూడా. అదే బడిలో, అదే తరగతిలో చదువుతూ, దేవుడు ఉన్నాడని నేను నమ్మడం లేదని చెప్పే పిల్లవాడికి మాత్రం ఆ వాక్యం ప్రకారం చోటు లేదు. అంతకన్నా బాధ కలిగించేది ఏమిటంటే, నువ్వు మంచి పౌరుడివి కాలేవని ఆ పిల్లవాడికి దేశంలోకెల్లా పేరున్న బాలల సంస్థ ముందే తీర్పు చెప్పేస్తోంది.

మీ స్కౌట్ నియమాలు పన్నెండింటిలో మొదటిది నమ్మదగినవాడై ఉండడం. ఇప్పుడు ఒక పదిహేనేళ్ల కుర్రవాడిని తలుచుకోండి. టెండర్‌ఫుట్ నుంచి ఒక్కో మెట్టూ ఎక్కాడు, స్కౌటింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టయిన ఈగిల్‌కు కావలసిన 21 మెరిట్ బ్యాడ్జీలు సంపాదించాడు, తన ఊరి కోసం ఒక సేవా కార్యక్రమాన్ని ముందుండి నడిపించాడు. బ్యాడ్జీలు కుట్టిన పట్టీ భుజాన వేసుకుని, అర్హత తేల్చే బోర్డ్ ఆఫ్ రివ్యూలో, ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉండే పెద్దవాళ్ల ఎదుట కూర్చున్నాడు. దేవుడి పట్ల నీ బాధ్యత ఎలా నెరవేర్చావని అడిగారు. అతనికి నమ్మకం లేదు. ఏదో ఒకటి కల్పించి చెబితే ఈగిల్ అవుతాడు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇన్నేళ్ల కష్టం ప్రమాదంలో పడుతుంది. మొదటి నియమాన్ని మనసా పాటించినవాడికి శిక్ష, దాన్ని తప్పినవాడికి పతకం దక్కే ఏర్పాటును ఏ విలువల పేరుతో సమర్థించగలం? ఈ నిబంధన నాస్తికులను ఆపడం లేదు. అబద్ధం చెప్పడానికి ఇష్టపడని నాస్తికులను మాత్రమే ఆపుతోంది.

ఇది ఊహించి చెబుతున్న సంగతి కాదు. 2002లో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన డారెల్ లాంబర్ట్ అనే పందొమ్మిదేళ్ల ఈగిల్ స్కౌట్ తాను నాస్తికుడినని దాచుకోలేదు. మనసు మార్చుకోవడానికి అతనికి దాదాపు వారం గడువు ఇచ్చారు. ఉన్న మాటే మళ్లీ చెప్పాడు, సభ్యత్వం పోయింది. ఒక నమ్మకాన్ని వారం రోజుల్లో తెచ్చుకోమని ఎవరినైనా ఎలా అడుగుతారు?

ఈగిల్ దరఖాస్తులోనే మీరు మరొకచోట ఉదారంగా ఉన్నారు. మత పెద్ద నుంచి పరిచయ లేఖ తేవాలన్న చోట, ఏ వ్యవస్థీకృత మతానికీ చెందని పిల్లవాడి విషయంలో తల్లిదండ్రులే ఆ లేఖ ఇవ్వవచ్చన్నారు. గుడికి, చర్చికి, మసీదుకు వెళ్లకపోయినా మంచి స్కౌట్ కావచ్చని మీరు ఒప్పుకున్నట్టే కదా. ఇక మిగిలింది ఒక్క అడుగు.

ఆ అడుగు ఇతరులు ఎప్పుడో వేశారు. మీ దేశంలోనే గర్ల్ స్కౌట్స్ సంస్థ 1993 నుంచి, స్కౌట్లు చేసే ప్రమాణంలో దేవుడు అన్న చోట తమ విశ్వాసానికి తగిన మాట చెప్పుకునే వీలు కల్పించింది. స్కౌటింగ్ వ్యవస్థాపకుడు బేడెన్ పొవెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం పెట్టిన బ్రిటన్‌లో, స్కౌట్ సంఘం 2014 జనవరి నుంచి దైవ విశ్వాసం లేనివారికి ప్రత్యామ్నాయ ప్రమాణం అందుబాటులోకి తెచ్చింది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రమాణంలో దేవుడికి బదులు ధర్మం అని చెప్పవచ్చు. ఎక్కడా స్కౌటింగ్ కూలిపోలేదు, ఆస్తికుల పిల్లలెవరూ తమ దేవుణ్ణి పోగొట్టుకోలేదు.

మా తెలుగు నేల మీద ఈ చర్చ కొత్తది కాదు. గోరా అని మేమంతా పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు నాస్తికత్వం కారణంగా 1933లో కాకినాడలో కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, అది తరవాత విజయవాడకు చేరింది. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లారు, అంటరానితనం మీద జీవితమంతా పోరాడారు. ఆయన తన కుమార్తెకు దళిత యువకుడితో వివాహం నిశ్చయించినప్పుడు, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి తానే జరిపిస్తాననీ, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెడదామనీ గాంధీ అంగీకరించారు. గాంధీ హత్య తరవాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి అక్కడే జరిగింది. రోజూ ప్రార్థన చేసే మనిషి నాస్తికుడి నిజాయితీకి ఇచ్చిన గౌరవం అది. ఉత్తమ పౌరుడి గురించి మీ ప్రకటన అనే మాట గోరాకు వర్తిస్తుందని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని అనగలరా?

స్వలింగ ప్రేమికుల విషయంలో మీ సంస్థ నడిచిన దారి ఇక్కడ గుర్తు చేయక తప్పదు. 1990లో జేమ్స్ డేల్ అనే ఈగిల్ స్కౌట్, సహాయ స్కౌట్ మాస్టర్, గే అని పత్రిక ద్వారా తెలిసి బహిష్కరణకు గురయ్యాడు. 2000 జూన్ 28న అమెరికా సుప్రీం కోర్టు 5-4 తేడాతో మీ పక్షాన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు చెప్పిందల్లా ప్రభుత్వం మీ సభ్యత్వ నియమాలను బలవంతంగా మార్చజాలదని మాత్రమే. ఆ నియమాలు మంచివో చెడ్డవో తేల్చడం తమ పని కాదని మెజారిటీ న్యాయమూర్తులే స్పష్టం చేశారు. వెళ్లగొట్టే హక్కు ఉన్నంత మాత్రాన వెళ్లగొట్టి తీరాలని లేదు. 2013 మేలో మీ జాతీయ ప్రతినిధులు 60 శాతానికి పైగా ఓట్లతో గే పిల్లలను అనుమతించారు గానీ పద్దెనిమిదేళ్లు నిండితే బయటికే అన్నారు. ఆ అర్ధ న్యాయం 2015 జూలైలో తొలగింది. అందుకు పట్టుబట్టిన పిల్లలకు, తల్లిదండ్రులకు, అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ గేట్స్‌కు కృతజ్ఞతలు చెప్పాలి.

పిల్లల రక్షణ కోసమే ఆ నిషేధమని ఏళ్ల తరబడి వాదించినవారున్నారు. 2020లో మీ సంస్థ దివాలా రక్షణ కోరిన తరవాత లైంగిక వేధింపుల బాధితుల నుంచి 82 వేలకు పైగా ఫిర్యాదులు దాఖలయ్యాయి. నిషేధం నిక్షేపంగా అమల్లో ఉన్న రోజుల్లోనే ఎన్నో ఘోరాలు జరిగాయి. నిజాయితీగా తన సంగతి చెప్పుకున్న డేల్ లాంటివారిని గెంటేయడం వల్ల ఏ బిడ్డకూ రక్షణ దొరకలేదు. వేధింపుల ఆరోపణలున్నవారి పేర్లతో మీ సంస్థ ఉంచుకున్న ఫైళ్లను బీరువాల్లో దాచినందువల్ల పిల్లలు నష్టపోయారు. ఈ రెండు సంగతులనూ కలిపి చూసినవారెవరూ ఆ పాత వాదాన్ని మళ్లీ ఎత్తరు.

అయినా 2015 నిర్ణయంలో ఒక మినహాయింపు మిగిలింది. చర్చిలు నడిపే ట్రూపులు, అంటే స్థానిక స్కౌట్ బృందాలు, తమ మత విశ్వాసం ప్రకారం గే నాయకులను తిరస్కరించవచ్చు. తమ ప్రార్థనను ఎవరు నడిపించాలో చర్చి నిర్ణయించుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ మీ యూనిఫాం, మీ బ్యాడ్జీలు, అమెరికా కాంగ్రెస్ 1916లో మీకు ఇచ్చిన చార్టర్ (అధికార పత్రం) గౌరవం వాడుకుంటూ పిల్లలకు పడవ నడపడం నేర్పేది ఎవరన్న విషయంలో జాతీయ సంస్థ చేతులు దులుపుకోవడం సరికాదు. ఇద్దరు తల్లులున్న ఇంటి పిల్లవాడు ఊరు మారి కొత్త ట్రూపులో చేరితే, తన అమ్మ క్యాంపుకు నాయకురాలిగా రావచ్చో లేదో ముందుగా తెలుసుకునే దారి కూడా ఉండదు. మా తెలుగు ఇళ్లలో ఈ విషయం ఇప్పటికీ గుసగుసల్లోనే ఉంది. ఇంట్లో నోరు విప్పలేని కుర్రవాడికి బయట ఒక స్కౌట్ మాస్టర్ అయినా ధైర్యం ఇవ్వగలిగితే ఎంత మేలో మీరు నాకంటే బాగా ఊహించగలరు.

కాబట్టి నా విన్నపం ఇది. సభ్యత్వ దరఖాస్తు నుంచి మత సూత్రాల ప్రకటనను తొలగించండి, లేదా దానికి అంగీకరించడం ఐచ్ఛికం చేయండి. ప్రమాణంలో దేవుడి పట్ల బాధ్యత అన్న చోట మనస్సాక్షి పట్ల బాధ్యత అని చెప్పుకునే వీలు ఇవ్వండి, మెట్టు మెట్టుకూ అడిగే ప్రశ్నను కూడా ఆ ప్రకారమే మార్చండి. గే నాయకులను తిరస్కరించే ట్రూపులు ఆ సంగతిని చేరికకు ముందే బహిరంగంగా ప్రకటించాలని నియమం పెట్టండి, ఆ మినహాయింపును ఎప్పటికి పూర్తిగా ఎత్తివేస్తారో గడువు చెప్పండి. నమ్మకం లేదని చెప్పి గతంలో సభ్యత్వం పోగొట్టుకున్నవారు కోరుకుంటే వారిని తిరిగి చేర్చుకోండి.

ఈ అంశాన్ని మీ జాతీయ కార్యనిర్వాహక మండలి ముందు ఉంచి, వచ్చిన నిర్ణయాన్ని కారణాలతో సహా సభ్యుల కుటుంబాలన్నిటికీ లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
స్కౌట్‌గా ఉన్న ఒక పిల్లవాడి తండ్రి,
డాలస్ ప్రాంతం