ఆ 50 మిల్లీమీటర్ల సంగతి

ప్రియమైన మిత్రమా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు ఇంత ఆలస్యమైనందుకు మన్నించు. అమ్మ కులాసా, తమ్ముడు ఉద్యోగంలో చేరాడు, నా దగ్గు తగ్గింది. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది విను, నీకు చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు.

డిజైనర్లు రెవిట్ అనే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన భవనం మోడల్ మాకు ఐఎఫ్‌సీ ఫైలుగా వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ మోడల్‌ను ఇంకోదానికి అందించే ఉమ్మడి ఫైలు రూపం అది. మా తయారీ సాఫ్ట్‌వేర్‌లో చక్కగా తెరుచుకుంది. డక్టులన్నీ, అంటే భవనంలో గాలిని తీసుకెళ్లే రేకు గొట్టాలన్నీ, ఎక్కడివక్కడే ఉన్నాయి. ప్రధాన డక్ట్ 600 × 400 మిల్లీమీటర్లు. రేకు కోతకు అంతా సిద్ధమవుతుంటే మేస్త్రీ గారు వచ్చి, "ఇది గాలి కొలతా, రేకు కొలతా?" అని అడిగారు.

చూశావా ఆయన చూపు! శబ్దం తగ్గడానికి ఆ డక్ట్ లోపల నాలుగు వైపులా 25 మిల్లీమీటర్ల లైనింగ్, అంటే మెత్తటి పొర, వేయాలి. డిజైనర్ల కాగితాల్లో అది ఉంది, ఫైలులోకి మాత్రం రాలేదు. రేకునే 600 × 400కి కోస్తే గాలికి మిగిలేది 550 × 350. అంటే దారి దాదాపు 20 శాతం తగ్గుతుంది. అంతే గాలి వెళ్లాలంటే వేగం 25 శాతం పెరగాలి. శబ్దం తగ్గాల్సిన చోట పెరిగేది!

డిజైనర్లకు ఫోన్ చేస్తే, అది గాలి కొలతేనన్నారు. అయితే రేకు 650 × 450 ఉండాలి. దూలం కింద అంత ఎత్తు ఎక్కడుంది? పైపులకు తగులుతుందా లేదా అన్న తనిఖీ అంతా 400తోనే చేశారు. ఇక వాదనలు, మళ్లీ ఫోన్లు... చివరికి రేకు 750 × 400, గాలికి 700 × 350 అని తేల్చాం. ఘర్షణ కాస్త పెరిగినా ఫ్యాన్ తట్టుకుంటుందని వాళ్లు లెక్క చూసి ఒప్పుకున్నారు.

"ఫైలు తెరుచుకుంది కదా, ఇంకేమిటి?" అనేవాళ్లను చూస్తేనే నాకు కోపం. డిజైనరుకు డక్ట్ అంటే గాలి నడిచే దారి. మాకు రేకు మందం, అతుకు, ముక్కను ముక్కకు బిగించే అంచు పట్టీ (ఫ్లాంజ్). మోడల్‌లో ఒకే వస్తువుగా కనిపించే పొడవాటి డక్ట్ మా దగ్గర అనేక ముక్కలవుతుంది. డిజైన్ డక్టును తయారీ ముక్కలుగా మార్చే సాధనం రెవిట్ 2017లోనే వచ్చింది. అయినా వర్క్‌షాపు తన పద్ధతులు అందులో నింపితేనే అది పనికొస్తుంది. ఐఎఫ్‌సీ కూడా అంతే. ఐఎస్ఓ 16739 ప్రమాణం అది, లైనింగ్ వివరం పెట్టడానికి అందులో చోటుంది. ఏమేం పంపాలో ఇరువైపులా ముందే కూర్చుని మాట్లాడుకోలేదు, అంతే!

ఇకపై ఏ పనికైనా ముందు ఒక తిన్నని ముక్క, ఒక వంపు, డక్ట్ రెండుగా చీలే ముక్క ఒకటి మాత్రమే పంపించుకుని, రేకు కోసి, కొలిచి చూద్దామని పట్టుబట్టాను. మా పెద్దాయన సగం ఒప్పుకున్నారు, మిగతా సగానికి నా దగ్గర ఒక ఉపాయం... అయ్యో, కోత యంత్రం దగ్గర నుంచి పిలుస్తున్నారు. వెంటనే జవాబు రాయి.

నీ
గొడుగు