టచ్ ఉందంటే చాలదు, ఏ టచ్చో బిల్లు మీద రాయాలి

సంపాదకులు గారికి నమస్కారం.

చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోళ్లు నెల్లూరులోనూ ఒంగోలులోనూ కొత్తవీ పాతవీ చేతులు మారుతున్నాయి. విదేశాల నుంచి బంధువులు తెచ్చినవి, ఎవరో వాడి అమ్మినవి, చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారు నుంచి వచ్చినవి వాటిలో ఉంటాయి. నింటెండో, స్టీమ్ డెక్ తయారుచేసే వాల్వ్ లాంటి సంస్థల సర్వీసు కేంద్రాలు మన జిల్లాల్లో లేవు గనుక, చెడితే మొబైల్ రిపేరు దుకాణమే దిక్కు. కొనేవారు "టచ్ పనిచేస్తుందా?" అని అడుగుతారు, అమ్మేవారు "చేస్తుంది" అంటారు, బేరం కుదురుతుంది. ఆ టచ్ ఏ రకమో, ఏ మోడల్‌దో ఇద్దరూ చూడరు. తర్వాత పడే దండగ ఖర్చు చాలామటుకు అక్కడ మొదలయ్యేదే. అందుకే ఈ వివరాలు మీ పాఠకుల ముందుంచుతున్నాను.

పాత కన్సోళ్లది రెసిస్టివ్ టచ్. 2004లో వచ్చిన నింటెండో డీఎస్ మొదలుకొని డీఎస్ లైట్, డీఎస్ఐ, 2011 నాటి 3డీఎస్, ఆ తర్వాతి 2డీఎస్ దాకా కింది తెర ఈ రకమే. పై తెరకు అసలు టచ్ ఉండదు. కింద గాజు పలక, పైన వంగే ప్లాస్టిక్ పొర, రెండింటి లోపలి ముఖాల మీద కంటికి ఆనని, విద్యుత్తు పారే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత, ఆ రెండూ అంటుకోకుండా నడుమ సన్నటి చుక్కలు ఉంటాయి. నొక్కినప్పుడు పై పొర వంగి కింది పూతకు తగులుతుంది. తగిలిన చోట వోల్టేజీ ఎంతుందో కొలిచి వేలు ఎక్కడుందో లెక్క కడుతుంది. కావాల్సింది ఒత్తిడే కాబట్టి గోరయినా, ప్లాస్టిక్ పుల్ల (స్టైలస్) అయినా, చేతి తొడుగు వేసుకున్న వేలయినా ఒకటే. రెండు వేళ్లు ఒకేసారి పెడితే మాత్రం రెంటికీ మధ్యలో ఎక్కడో నొక్కినట్టు చూపిస్తుంది. అది లోపం కాదు, ఆ రకం పనిచేసే తీరే అంత.

ఈ తెరల మీద జరుగుతున్న పెద్ద పొరపాటు టెంపర్డ్ గ్లాస్ అంటించడం. ఫోనుకు వేసినట్టే దీనికీ గ్లాసు కోసి వేస్తున్నారు. గాజు వంగదు, వంగకపోతే కింది పూత తగలదు. గట్టిగా నొక్కితేనే పలికే టచ్‌తో పిల్లలు పుల్లను అదిమి అదిమి ఆడతారు, కొన్నాళ్లకు లోపలి పూత గీతలుగా చీలుతుంది. రెసిస్టివ్ తెరకు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ తప్ప మరేదీ వేయకూడదు. ఆ ఫిల్మ్ కూడా చుట్టూ ఉన్న బెజెల్ (చట్రం) అంచు కిందికి దూరకుండా ఒక అర మిల్లీమీటరు తక్కువకే కోయాలి. దూరితే అంచు దగ్గర నిరంతరం ఒత్తుతూ ఉంటుంది, ఎవరూ తాకకుండానే ఒక మూల టచ్ నొక్కినట్టు ఉంటుంది. బెజెల్ సందులో ఇసుక రేణువు చిక్కుకున్నా ఇదే లక్షణం. మైపాడు, కొత్తపట్నం తీరాలకు తీసుకెళ్లి వచ్చిన కన్సోల్ ఇలా చేస్తే ముందు ఆ సందుని మెత్తటి బ్రష్‌తో దులిపి చూడాలి. తెర మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.

నొక్కిన చోటు ఒకటి, పలికే చోటు మరొకటి అయితే అది కాలిబ్రేషన్ తప్పడం. సెట్టింగుల్లోకి వెళ్లి టచ్ స్క్రీన్ అన్నది ఎంచుకుని, చూపించిన గుర్తుల నడిమధ్యన పుల్లతో నొక్కితే సరిపోతుంది. వేలితో చేయకండి, వేలి మొన వెడల్పు వల్ల లెక్క మళ్లీ తప్పుతుంది. అడ్డంగా పనిచేసి నిలువుగా చేయకపోతే మాత్రం ఫ్లెక్స్‌లో (తెరను బోర్డుకు కలిపే పల్చటి పట్టీ తీగలో) తేడా. దానిలో నాలుగు తీగలుంటాయి, అడ్డానికి ఒక జత, నిలువుకు ఒక జత. ఫ్లెక్స్ విప్పి మల్టీమీటరు పెడితే ఒక్కో జత మధ్య కొన్ని వందల ఓమ్‌ల నిరోధం రావాలి. ఒక జతకూ రెండో జతకూ మధ్య తెరను తాకనప్పుడు కనెక్షన్ ఉండకూడదు, నొక్కితే రావాలి. జతలో నిరోధమే రాకపోతే ప్యానెల్ పోయినట్టు. అన్నీ సరిగ్గా వస్తే తప్పు కనెక్టర్ లాక్‌లోనో బోర్డులోనో ఉంది. అయిదు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ప్యానెల్ తెప్పించడం అన్యాయం.

ప్యానెల్ తెప్పించేటప్పుడు మోడల్ నంబరు చూడాలి. డీఎస్ లైట్‌ది యూఎస్‌జీ-001, 3డీఎస్‌ది సీటీఆర్-001, 3డీఎస్ ఎక్స్ఎల్‌ది ఎస్‌పీఆర్-001. చివరి రెండింటి కింది తెరకు పిక్సెళ్ల లెక్క ఒకటే, 320 అడ్డం, 240 నిలువు. సైజు మాత్రం ఒకటి 3.02 అంగుళాలు, ఇంకొకటి 4.18. "3డీఎస్ టచ్" అని ఫోనులో చెప్పి తెప్పించుకుంటే ఏది వస్తుందో అదృష్టం.

2017లో వచ్చిన స్విచ్‌తో నింటెండో కెపాసిటివ్ రకానికి మారింది. మన ఫోన్లలో ఉన్నదీ ఇదే. అడ్డంగా, నిలువుగా అల్లిన సన్నటి విద్యుత్ గీతలుంటాయి, వేలు దగ్గరికి రాగానే ఆ చోట కెపాసిటెన్స్ (విద్యుదావేశం నిలుపుకునే గుణం) మారుతుంది, దాన్ని టచ్‌ను నడిపే చిప్ (ఐసీ) పసిగడుతుంది. నొక్కక్కర్లేదు, తాకితే చాలు, ఒకేసారి పది వేళ్లనూ గుర్తుపడుతుంది. గోరు, మామూలు ప్లాస్టిక్ పుల్ల, గుడ్డ తొడుగు పనికిరావు. డీఎస్ పుల్లతో స్విచ్‌ను పరీక్షించి "టచ్ పోయింది" అనుకునేవారికి ఈ ఒక్క మాట చాలు. మెత్తటి మొనతో కెపాసిటివ్ అని రాసి ఉన్న పుల్ల కొని, సెట్టింగుల్లో సిస్టమ్ కింద టచ్ స్క్రీన్ సెన్సిటివిటీని స్టైలస్‌కు మార్చుకోవాలి. ఇంకొకటి: స్విచ్‌ను డాక్‌లో (టీవీకి కలిపే స్టాండులో) పెట్టి టీవీలో ఆడేటప్పుడు టచ్ ఉండదు.

స్విచ్‌లలో మూడు రకాల తెరలున్నాయి, వాటిని కలగాపులగం చేయడం వల్లే రిపేరు దుకాణాల్లో ఎక్కువ గొడవలు. వెనకవైపు హెచ్ఏసీ-001 అని ఉంటే 6.2 అంగుళాల మొదటి రకం. 2019లో బ్యాటరీ మెరుగుపరిచి వచ్చిన హెచ్ఏసీ-001(-01)కి కూడా ఆ టచ్ ప్యానెలే సరిపోతుంది. హెచ్‌డీహెచ్-001 అంటే స్విచ్ లైట్, 5.5 అంగుళాలు. హెచ్ఈజీ-001 అంటే 2021 నాటి ఓఎల్ఈడీ, 7 అంగుళాలు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 తెర 7.9 అంగుళాలది, దాని సంగతి పూర్తిగా వేరు.

6.2 అంగుళాల స్విచ్ మీద కనబడేది గాజు కాదు, ప్లాస్టిక్. పగలడం అరుదు, గీతలు పడటం మాత్రం తేలిక. డాక్‌లోకి దించేటప్పుడు నడుమ ఇసుక ఉంటే చాలు. కాబట్టి దీనికి టెంపర్డ్ గ్లాస్ వేయడమే మంచిది, కెపాసిటివ్ టచ్ ఆ గాజు గుండా పలుకుతుంది. ఓఎల్ఈడీ మోడల్‌ది గాజు, దాని మీద పగిలితే ముక్కలు చెదరకుండా కంపెనీ అంటించిన పల్చటి ఫిల్మ్ ఉంటుంది. కొత్తగా విప్పినప్పుడు రవాణా కోసం వేసిన కవరనుకుని దాన్ని గోటితో లేపేస్తున్నారు. అది తీయకూడదు, గార్డు వేయాలంటే దాని మీదే వేయాలి.

రిపేరులో అసలు తేడా ఇక్కడుంది. మొదటి స్విచ్‌లో టచ్ ప్యానెల్, డిస్‌ప్లే వేరువేరు ముక్కలు, వాటి మధ్య గాలి సందు ఉంటుంది. టచ్ ఒక్కటే పోతే టచ్ ఒక్కటే మార్చవచ్చు. ఓఎల్ఈడీలో, స్టీమ్ డెక్‌లో రెండూ అతుక్కుని ఒకే కాంబోగా ఉంటాయి. టచ్ పోతే కాంబో మొత్తం మార్చాల్సిందే. కాబట్టి మొదటి స్విచ్‌కు కాంబో ధర అడిగితే ఎందుకని నిలదీయాలి. ఓఎల్ఈడీకి "టచ్ ఒక్కటే మారుస్తాం" అంటే ఇవ్వకుండా తిరిగి తెచ్చుకోవాలి.

మొదటి స్విచ్ టచ్ మార్చేవారు గేమ్ కార్డు, మైక్రో ఎస్‌డీ కార్డు తీసేసి, పవర్ బటన్ మూడు సెకన్లు నొక్కి, వచ్చే మెనూలో టర్న్ ఆఫ్ ఎంచుకుని పూర్తిగా ఆపాలి, నిద్రలో (స్లీప్ మోడ్‌లో) ఉంచి విప్పకూడదు. వెనక మూత స్క్రూలలో మూడు కాళ్ల వై ఆకారం తల ఉన్నవి ఉంటాయి, దానికి తగిన బిట్ లేకుండా మామూలు స్టార్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. లోపలికి వెళ్లగానే ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి. బ్యాటరీ ఉండగానే డిస్‌ప్లే ఫ్లెక్స్ కదిపితే బ్యాక్‌లైట్ సర్క్యూట్ పోయే ప్రమాదం ఉంది. ప్యానెల్ అంచులకు వేడి 70 డిగ్రీల లోపే ఇవ్వాలి. ఫోను గ్లాసుకు కొట్టినట్టు బ్లోయర్ కొడితే ప్లాస్టిక్ వంగుతుంది, వెనకనున్న డిస్‌ప్లే మచ్చలు పడుతుంది. కొత్తది అంటించకముందే ఫ్లెక్సులు కలిపి ఆన్ చేసి చూడాలి. బీ-7000 గమ్ ఎక్కువైతే లోపలికి జారి డిస్‌ప్లే అంచున మరక పడుతుంది. కొలతకు కోసి వచ్చే డబుల్ టేపే మేలు. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోకూడదు, రెండు ముక్కల మధ్య చేరిన తేమ తర్వాత మసకగా కనబడుతుంది.

ఒకే మోడల్‌లోనూ ప్యానెళ్లు ఒకటే కావు. స్విచ్ టచ్ ఐసీ ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ వారి ఫింగర్‌టిప్ రకం. దానికి జతగా నిస్షా, జీఐఎస్ అనే రెండు తయారీ సంస్థల ప్యానెళ్లూ వచ్చాయి. లోపలి విద్యుత్ గీతల నిరోధం, కెపాసిటెన్స్ ఒక్కో ప్యానెల్‌కు ఒక్కోలా ఉంటాయి, ఐసీలోని ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రాం) దానికి తగ్గట్టు ఉండాలి. నాసిరకం నకలు ప్యానెల్ వేస్తే నడుమ బాగానే పలికి అంచుల్లో పలకకపోవడం, తాకకుండానే తాకినట్టు ఎగరడం అందువల్లే. పాత కన్సోల్ నుంచి తీసిన అసలు ప్యానెల్ దొరికితే, పైన గీరలున్నా సరే, నకలు కొత్తదానికన్నా అదే నమ్మదగ్గది.

తాకకుండా తాకినట్టు అయితే వెంటనే ప్యానెల్‌ను అనుమానించకండి. చార్జర్ తీసేసి చూడండి. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ రొద కెపాసిటివ్ టచ్‌ను గందరగోళపరుస్తుంది, తీయగానే సర్దుకుంటే తప్పు చార్జర్‌ది. తర్వాత చెమట. రోహిణి కార్తెలో చెమట చేతులతో ఆడితే నీటి బొట్టు కూడా వేలులాగే అనిపిస్తుంది ఐసీకి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఫ్లెక్స్ కనెక్టర్‌కు పచ్చటి చిలుము పడుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు అక్కడితో పోతుంది.

స్టీమ్ డెక్ గురించి రెండు మాటలు. 2022 నాటి ఎల్‌సీడీ రకం 7 అంగుళాలు, 2023 నాటి ఓఎల్ఈడీ రకం 7.4 అంగుళాలు, ఒకదాని తెర ఒకదానికి రాదు. ఎల్‌సీడీలో 512 జీబీ, ఓఎల్ఈడీలో 1 టీబీ రకాలకు మెరుపు కొట్టకుండా గాజును చెక్కి ఉంటారు. దాని మీద మెరిసే గార్డు వేస్తే ఎక్కువ పెట్టిన డబ్బు వృథా. మూత విప్పేముందు మైక్రో ఎస్‌డీ కార్డు తప్పక తీయాలి, లేకపోతే మూతతో పాటు కార్డు రెండు ముక్కలవుతుంది.

ఆండ్రాయిడ్ మీద నడిచే చైనా కన్సోళ్లు కొనేవారికి పరీక్ష తేలిక. బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి, మూల నుంచి మూలకు ఏటవాలుగా వేలితో గీయాలి. గీత ఎక్కడ తెగితే అక్కడ లోపలి విద్యుత్ గీత చచ్చినట్టు. స్విచ్‌కు ఆ సౌకర్యం లేదు, తెర మీది కీబోర్డు తెరిచి ప్రతి అక్షరం తట్టి చూడాలి. అయితే దానితో తెలిసేది కింది సగం సంగతే.

మన జిల్లాల దుకాణదారులకు నా విన్నపం ఒకటే. అమ్మినా, బాగుచేసినా బిల్లు మీద కన్సోల్ మోడల్ నంబరు, టచ్ రెసిస్టివా కెపాసిటివా, మార్చింది టచ్ ఒక్కటా కాంబోనా, వేసింది అసలుదా నకలుదా అన్నవి రాయండి. కొనేవారు ఆ నాలుగూ లేని బిల్లు తీసుకోవద్దు. దుకాణంలో కొన్నదాని మీద తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, అక్కడ తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు సరుకుకు అక్కడ ఫీజు కట్టనక్కర్లేదు, కానీ బిల్లు అడుగుతారు.

ఇట్లు,
ఒక కన్సోల్ రిపేరు టెక్నీషియన్,
నెల్లూరు