ఆది జాకెట్టు లేదంది

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. "మోకాళ్ల నొప్పులని నువ్వే అంటావు, మళ్లీ రాత్రి పదిన్నర దాకా థియేటర్ గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడతావు, అంతగా ఇవ్వాలనుంటే ఒక చెక్కు రాసి పంపొచ్చు కదమ్మా" అన్నావు. నా మీద బెంగతోనే అన్నావని తెలుసు. అప్పుడే చెప్పేదాన్ని, కానీ ఇది ఫోన్లో గబగబా చెప్పేసే సంగతి కాదు, పైగా సగంలో నాకు ఏడుపొస్తే నువ్వు టెన్షన్ పడతావు. అందుకే రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగు మర్చిపోలేదుగా, నెమ్మదిగా చదువుకో.

ముందు ఆ బకెట్ సంగతి చెబుతాను. ఏటా రెండుసార్లు, చలి మొదలయ్యాక కొన్ని వారాలు, మళ్లీ వసంతంలో కొన్ని వారాలు, న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాల థియేటర్లలో ఆట అయిపోయి చప్పట్లు ఆగాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి రెండు నిమిషాలు మాట్లాడతారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఎర్ర బకెట్లతో మనవాళ్లు ఉంటారు, ఎంతైనా సరే వేసి వెళ్లండి అంటారు. ఆ "మనవాళ్లు" అన్న మాటలో నేనూ ఉన్నాను. జనం ఒక్కసారిగా బయటికొస్తారు, ఐదారు నిమిషాల్లో అంతా అయిపోతుంది. ఒకాయన ఇరవై డాలర్ల నోటు మడిచి వేస్తాడు, చిన్నపిల్ల వాళ్లమ్మ ఇచ్చిన చిల్లర వేస్తుంది, కొందరు తలొంచుకుని పక్కనుంచి వెళ్లిపోతారు, వాళ్ల మీద నాకు కోపం రాదు. ఆ డబ్బంతా ఎయిడ్స్ ఉన్నవాళ్లకు సాయం చేసే బ్రాడ్‌వే కేర్స్/ఈక్విటీ ఫైట్స్ ఎయిడ్స్ అనే సంస్థకు వెళుతుంది. పేరు అంత పొడుగెందుకంటే అవి ముందు రెండు సంస్థలు. 1987లో నటుల యూనియన్ వాళ్లు ఒకటి పెట్టుకున్నారు, 1988లో నిర్మాతలు ఇంకొకటి పెట్టారు, 1992లో రెండూ కలిసిపోయాయి. ఇప్పటిదాకా వాళ్లు పోగుచేసింది 30 కోట్ల డాలర్లు దాటింది. పెద్ద పెద్ద దాతలూ ఉన్నారులే, కానీ గుమ్మం దగ్గర పడిన నోట్లు కూడా అందులో చాలా ఉన్నాయి.

న్యూజెర్సీలో మన ఎడిసన్ ఇంట్లో ఫ్రేమ్ వేసుకుని బ్లౌజులకు మగ్గం వర్క్ చేసుకునే నేను మన్‌హాటన్‌లో నాటకాల దుస్తులు కుట్టే కాస్ట్యూమ్ షాపుకి ఎలా వచ్చానో నీకు తెలుసు, ఆ ఏడో అవెన్యూలో సూదీ గుండీ బొమ్మ దగ్గర మనం ఫోటో కూడా దిగాం. చేరిన కొత్తలో నాకు ఇంగ్లీషు తడబాటు, ఎవరితోనూ కలిసేదాన్ని కాదు. మా కటింగ్ మాస్టర్‌కి డెబ్బై దాటాయి, నా పూసల పని చూసి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆయన చెప్పింది విన్నాక నేను ఆ రాత్రి రైల్లో మన స్టేషన్ దాటిపోయి న్యూ బ్రన్స్‌విక్‌లో దిగాను.

ఎనభైల్లో ఆయన ఒక థియేటర్‌లో నటుల దుస్తులు చూసుకునే వార్డ్‌రోబ్ విభాగంలో పనిచేసేవాడట. ఒక నటుడి కోటు నెలకోసారి ఆయన దగ్గరకొచ్చేది. మొదట నడుము దగ్గర అరంగుళం లోపలికి పట్టాడు, తర్వాత ఒకంగుళం, తర్వాత భుజాలు. మామూలుగా మేం కొలత తీసేటప్పుడు అంకె పైకి చెబుతాం, పక్కనున్న వాళ్లు పుస్తకంలో రాస్తారు. ఆయన చెప్పడం మానేసి తనే రాసుకోవడం మొదలుపెట్టాడట, ఎందుకంటే ఆ కుర్రాడు చేతులెత్తి గోడవైపు చూస్తూ ఆ అంకెలు వింటున్నాడు. చివరికి కోటు లోపల దూది పెట్టి కుట్టారట, బాల్కనీలో కూర్చున్నవాళ్లకు మనిషి నిండుగా కనబడాలని. అప్పట్లో ఎయిడ్స్ వచ్చినవాళ్లను ఇళ్లవాళ్లు రానివ్వకపోయినా, ఆసుపత్రుల్లో గుమ్మం బయటే భోజనం ట్రే పెట్టి వెళ్లిపోయినా, నాటకాలవాళ్లు మాత్రం వాళ్లను విడిచిపెట్టలేదని చెప్పాడు. కోరస్ లైన్ అనే పేరున్న నాటకం తయారుచేసిన మైకేల్ బెనెట్ 1987 జూలైలో ఆ జబ్బుతోనే పోయాడు, 44 ఏళ్లకే. ఆ ఏడాదే ఆ నాటకంవాళ్లు షూబర్ట్ థియేటర్ స్టేజి గుమ్మం బయట రెండు బల్లలు వేసి, పాత పోస్టర్లూ అవీ అమ్మి 12,000 డాలర్లు పోగుచేశారు. ఏటా చలి ముదరకముందు ఒక ఆదివారం మేం వేసే సంత అలా మొదలైందే, ఇప్పుడు వీధి వీధంతా బల్లలే.

ఇక నా సంగతి.

2000 సంవత్సరం, దసరా ముందు. చిలకలూరిపేటలో మన ఇంటి వసారాలో నా మిషను ఉండేది. నువ్వు నా కడుపులో ఉన్నావు, ఐదో నెల. హైవే పక్క ఊరు కదా, ఇంటికొక లారీ డ్రైవరో క్లీనరో ఉండేవాడు, ఆ జబ్బు సంగతి ఊళ్లో అందరూ గుసగుసలాడేవాళ్లే తప్ప పేరు పెట్టి ఎవరూ అనేవాళ్లు కాదు. "పెద్ద జబ్బు" అనేవాళ్లు. మా వీధి చివర ఒకావిడ ఉండేది, భర్త లారీ డ్రైవరు, ఏడాది కిందటే పోయాడు. ఆవిడా చిక్కిపోతోందని అందరికీ తెలుసు. ఒక మధ్యాహ్నం కాగితం పొట్లంలో మీటరు గుడ్డ పట్టుకొచ్చింది, తెలుపు మీద సన్న నీలం పూలు. "గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలమ్మా, ఉన్న జాకెట్లన్నీ భుజాల మీంచి జారిపోతున్నాయి, ఒకటి కుట్టివ్వవా" అంది.

"ఆది జాకెట్టు తెచ్చావా?" అన్నాను.

"ఆది ఏముందమ్మా, అన్నీ వదులైపోయినవేగా. ఒకసారి టేపు పెట్టి చూడు" అని చేతులు కొంచెం పైకెత్తి నిలబడింది.

టేపు నా మెడలోనే ఉంది బుజ్జీ. నేను లేవలేదు. పండక్కి ఒప్పుకున్న పనే అవలేదు, ఇప్పుడు కొత్తవి పట్టడం లేదన్నాను. ఆవిడ చేతులు ఎంతసేపటికి దించిందో ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంది. పొట్లం తీసుకుంది. నా పొట్టకేసి చూసి "జాగ్రత్త తల్లీ, బరువులెత్తకు" అనేసి వెళ్లిపోయింది. ఆవిడ నిలబడ్డ చోటు డెటాల్‌తో కడిగాను. మీ నాయనమ్మ చూసి మంచి పని చేశావంది, అప్పుడు నాకూ అది మంచి పనే అనిపించింది.

సంక్రాంతి దాటాక ఆవిడ పోయింది. నువ్వు పుట్టింది ఆ ఫిబ్రవరిలోనే. అదే ఫిబ్రవరిలో, 2001లో, సిప్లా మందుల కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ ఎయిడ్స్ మందులు ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారని, అంతకుముందు ఏడాది మందులు పది వేల డాలర్ల పైమాటేనని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 2004 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు, మొదటి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. అంటే మూడేళ్ల తేడా. ఆ మధ్యలోనే ఎయిడ్స్ ప్రచారం కోసం ఊరూరా గోడల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని రాశారు, జనం నవ్వుకున్నా ఆ పేరు పైకి అనడం మాత్రం అప్పుడే అలవాటైంది. నేను మాత్రం ఆ గోడ పక్కనుంచి వెళ్లినప్పుడల్లా తల తిప్పుకునేదాన్ని.

ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు, ఫార్మసీ చదివినదానివి. తాకితే రాదు, గ్లాసుతో రాదు, టేపుతో అసలే రాదు. రోజూ మాత్ర వేసుకుని రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోయినవాళ్ల నుంచి శృంగారంలో కూడా ఇంకొకరికి సోకదని నువ్వే నాకు చెప్పావు. ప్రపంచమంతా వాడే ఆ మాత్రల్లో ఎన్నో మన హైదరాబాదు చుట్టుపక్కల కంపెనీల్లో తయారవుతాయని మీ క్లాసులో చెప్పారని ఎంత సంబరంగా ఫోన్ చేశావో. నేను బాగుందే అనేసి ఫోన్ పెట్టేశాను. నీకు గుర్తుందో లేదో, ఆరోజు సరిగ్గా మాట్లాడలేదని అలిగావు కూడా. కారణం ఇది.

చెక్కు రాయనని కాదు, రాస్తూనే ఉన్నాను, నాన్నకి తెలుసు. ఆ డబ్బు ఎక్కడికి వెళుతుందో కూడా కనుక్కున్నాను. కొంత ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్ ద్వారా మా రంగంలోవాళ్లకే అందుతుంది, స్టేజి మీద కనబడేవాళ్లకే కాదు, కుట్టేవాళ్లకీ లైట్లు పట్టేవాళ్లకీ కూడా, జబ్బు ఏదైనా సరే. 2020 మార్చి 12న థియేటర్లన్నీ మూసేసినప్పుడు మా షాపులో ఒకామె ఇంటద్దె ఆ సాయంతోనే కట్టుకుంది. మిగతాది దేశమంతటా ఎయిడ్స్ ఉన్నవాళ్లకు అన్నం పెట్టే, మందులిప్పించే చిన్న చిన్న సంస్థలకు వెళుతుంది. ఇదంతా చెక్కుతో కూడా జరుగుతుంది, నువ్వన్నది నిజమే.

కానీ నేను చేసిన తప్పు డబ్బు ఇవ్వకపోవడం కాదు కదా. ఒక మనిషి చేతులెత్తి నిలబడితే దగ్గరికి వెళ్లలేదు, అదే నా తప్పు. పోయిన వారం ఒక పెద్దాయన బకెట్‌లో నోటు వేసి అక్కడే ఆగిపోయాడు, నా చెయ్యి పట్టుకున్నాడు. తన స్నేహితుడు 1991లో పోయాడని, ఇద్దరూ కలిసి ఇదే థియేటర్‌కి వచ్చేవాళ్లమని చెప్పాడు. చేతులు చల్లగా ఉన్నాయి, వదలలేదు. వెనక జనం ఆగిపోయారు, లైన్ నడిపించాల్సింది పోయి నేనూ అలాగే నిలబడిపోయాను. ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. మోకాళ్లు నొప్పులు పుట్టిన మాట నిజం, నీతో అబద్ధం చెప్పను. కానీ ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత ఆవిడ మొహం తలుచుకుంటే భయం వెయ్యలేదు.

నువ్వు పంపిన మోకాలి బెల్టు పెట్టుకుంటున్నాను. డిసెంబరు మొదటి వారంతో ఈ విడత అయిపోతుంది, అందాకా వారానికి రెండు రాత్రులే ఒప్పుకున్నాను, నాన్న స్టేషన్‌కి కారు తీసుకొస్తున్నారు. ఇది చదివాక నా మీద నీకు ఏమనిపించినా దాచుకోకుండా చెప్పు, నేను వింటాను.

అక్క పెళ్లికి బ్లౌజు కుట్టమన్నావు, ఆది జాకెట్టు పోస్టులో పంపిస్తానన్నావు. పంపకు. థాంక్స్‌గివింగ్‌కి వస్తున్నావుగా, నేనే కొలుస్తాను.

ప్రేమతో,
అమ్మ