పితృదేవతల పేర్లు రాసిచ్చే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

అమెరికాలో స్థిరపడిన పిల్లలు వంశవృక్షం తయారు చేస్తామంటూ తిరుపతి, చిత్తూరులలోని పెద్దవాళ్ళను తాత ముత్తాతల పేర్లు, వారి ఊళ్ళు, గతించిన తేదీలు అడగడం ఇటీవల చాలా ఇళ్ళలో జరుగుతోంది. ఇందుకు వాడే ఉచిత వెబ్‌సైట్లలో చాలా పెద్దదైన ఫ్యామిలీసెర్చ్‌ను నడుపుతున్నది ఒక క్రైస్తవ సంఘమని, లోకం వాడుకలో మోర్మన్లు అనిపించుకునే ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’ అని మనలో ఎక్కువమందికి తెలియదు. తెలిసిన కొద్దిమందిలో కూడా, ఆ సంఘం ఇన్ని కోట్ల పేర్లను ఇంత ఖర్చుతో, ఇంత ఓపికతో ఎందుకు పోగు చేస్తోందన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగేవారు అరుదు. ‘చచ్చినవాళ్ళ మతం మారుస్తారట’ అన్న ఒక్క మాటతో తేల్చివేయడమో, దయ్యాలను పిలిచే తంతుగా చిత్రించడమో జరుగుతోంది. ఈ రెండూ నిజం కావు. చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఏటా నా తండ్రికి తద్దినం పెట్టుకునే హిందువుగా ఈ విషయంపై కొంత వివరంగా రాయవలసి వచ్చింది.

ఆ సంఘం బోధ ప్రకారం మనిషి ఆత్మ ఈ పుట్టుకతో మొదలైనది కాదు, మరణంతో ముగిసేదీ కాదు. పుట్టకముందు దేవుని సన్నిధిలో ఉన్న ఆత్మ ఇక్కడ శరీరం ధరిస్తుంది, మరణించాక ఆత్మల లోకానికి చేరుతుంది, చివరకు పునరుత్థానంలో తన శరీరాన్ని తిరిగి పొందుతుంది. మళ్ళీ ఇంకో జన్మ ఎత్తడమన్నది వారి నమ్మకంలో లేదు. ఆత్మల లోకమంటే స్వర్గం కాదు, తుది తీర్పుకు ముందు వేచి ఉండే చోటు. వారి ప్రవక్త జోసెఫ్ స్మిత్ 1843లో చేసిన బోధను అనుసరించి ఆత్మ కూడా పదార్థమే, అయితే మన కళ్ళకు అందనంత సూక్ష్మమైన, శుద్ధమైన పదార్థం. ఆ లోకం ఏ నక్షత్రాల అవతలో లేదని, ఈ భూమి మీదే ఉందని ఆయన తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగ్ చెప్పాడు. అక్కడ నీతిమంతులు ఉండే స్థితిని పరదైసు అంటారు. సత్యం వినకుండానే చనిపోయినవారు, విని కాదన్నవారు, దుష్టులు ఉండే స్థితిని ఆత్మల చెర అంటారు. చావగానే మనిషి స్వభావం మారిపోదనీ, ఇక్కడ అలవరచుకున్న గుణాలు, కోరికలు వెంట వస్తాయనీ వారి పవిత్ర గ్రంథాలలో ఒకటైన మోర్మన్ గ్రంథం బోధ. ఈ బోధ మన వాసనల భావనకు దగ్గరగా ఉందని నాకు తోచింది. అయితే మన సిద్ధాంతంలో వాసనలు మరో జన్మకు దారి తీస్తాయి, వారి సిద్ధాంతంలో అవి ఆత్మల లోకంలోనే తేలవలసినవి.

ఈ విశ్వాసం పుట్టిన సందర్భం తెలుసుకోకుండా దీన్ని అర్థం చేసుకోలేమని నా అభిప్రాయం. జోసెఫ్ స్మిత్ అన్న అల్విన్ 1823 నవంబరులో ఇరవై అయిదేళ్ళ వయసులో చనిపోయాడు. అతనికి బాప్తిస్మం కాలేదు. అంత్యక్రియల్లో మాట్లాడిన బోధకుడు అతను నరకానికే వెళ్ళి ఉంటాడన్నట్టు సూచించాడని, తండ్రి ఆ మాట సహించలేకపోయాడని తమ్ముడు విలియం తర్వాతి కాలంలో చెప్పాడు. జోసెఫ్ 1830 ఏప్రిల్‌లో సంఘాన్ని స్థాపించాడు. 1836 జనవరి 21న ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్ దేవాలయంలో తనకు కలిగిన దర్శనంలో అన్న అల్విన్ దేవుని అత్యున్నత రాజ్యంలో కనిపించాడని, సువార్త వినే అవకాశం లేక చనిపోయినవారు వింటే స్వీకరించి ఉండేవారైతే వారికీ అందులో వారసత్వం ఉంటుందని తనకు తెలియజేయబడిందని ప్రకటించాడు. 1840 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో ఒక అంత్యక్రియల సభలో, బతికున్నవారు చనిపోయినవారి తరఫున బాప్తిస్మం తీసుకోవచ్చని బోధించాడు. కొద్ది వారాలకే జేన్ నేమన్ అనే తల్లి, చనిపోయిన కొడుకు కోసం మిసిసిపి నదిలో మునిగింది. అదే సంవత్సరం అల్విన్ కోసం తమ్ముడు హైరమ్ బాప్తిస్మం పొందాడు.

కొడుకును పోగొట్టుకున్న తల్లి మొట్టమొదట నదిలో దిగిందన్న ఈ వివరాన్ని నేను చిన్నదిగా చూడలేను. దేవుని మాట చెవిన పడకుండా చనిపోయిన కోట్లమంది గతి ఏమిటన్న ప్రశ్న క్రైస్తవ లోకాన్ని శతాబ్దాలుగా వేధించింది. మన ప్రాంతానికి తొలి మిషనరీలు వచ్చినప్పుడు ఇక్కడివారికి కూడా ఆ ప్రశ్న తప్పక ఎదురై ఉంటుంది: నేను రక్షణ పొందుతాను సరే, మా నాయన మాటేమిటి? చాలా సంఘాలు ఆ విషయాన్ని దేవుని కృపకు వదిలి మౌనం వహించాయి. పేతురు మొదటి పత్రికలో క్రీస్తు చెరలోని ఆత్మలకు ప్రకటించాడన్న మాటను, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో మృతుల కోసం పొందే బాప్తిస్మం గురించిన ప్రస్తావనను ఆధారం చేసుకొని ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడానికి పూనుకున్న సంఘం ఇది. ఆ వాక్యాలకు వారు చెప్పే అర్థాన్ని కథోలికులు, ప్రొటెస్టెంట్లు ఒప్పుకోరు. ఆ సంఘం ఇచ్చే బాప్తిస్మాన్నే చెల్లుబాటు కాదని వాటికన్ 2001లో ప్రకటించింది.

ఆత్మల లోకం గురించి వారి అత్యంత వివరమైన బోధ 1918 నాటిది. అప్పటి అధ్యక్షుడు, పైన చెప్పిన హైరమ్ కొడుకు జోసెఫ్ ఎఫ్. స్మిత్ అయిదేళ్ళ పిల్లవాడిగా ఉండగానే తండ్రి హత్యకు గురయ్యాడు. తన సంతానంలో అనేకులను తానే సమాధి చేసుకున్నాడు. ఆ సంవత్సరం జనవరిలో పెద్ద కొడుకు కూడా పోయాడు. ఒకవైపు మహాయుద్ధం, మరోవైపు ఇన్‌ఫ్లుయెంజా సాగుతున్న రోజులవి. మన దేశంలోనే ఆ జ్వరానికి కోటిమందికి పైగా బలయ్యారని అంచనా. అక్టోబరు 3న పేతురు పత్రిక చదువుతూ ధ్యానంలో ఉండగా ఆయనకు దర్శనమైందని సంఘం నమ్మిక. క్రీస్తు తన మరణానికి, పునరుత్థానానికి నడుమ ఆత్మల లోకంలోని నీతిమంతుల మధ్యకు వెళ్ళాడనీ, దుష్టుల వద్దకు తానుగా వెళ్ళక, నీతిమంతులలో నుంచే దూతలను నియమించి చెరలో ఉన్నవారికి సువార్త పంపాడనీ, ఆ పని నేటికీ సాగుతోందనీ, శరీరం లేకుండా ఉన్న దీర్ఘకాలాన్ని మృతులు బంధనంగా భావిస్తారనీ అందులో ఉంది. ఆ తర్వాత ఏడు వారాలు తిరగకముందే ఆయన కన్నుమూశాడు. ఈ దర్శనాన్ని 1976లో పవిత్ర గ్రంథంగా అంగీకరించారు. ఇప్పుడది ‘సిద్ధాంతము మరియు నిబంధనలు’ గ్రంథంలో 138వ ప్రకరణం.

ఇక తంతు విషయానికి వస్తే, అది బహిరంగంగా జరిగేది కాదు. ప్రతిష్ఠించిన దేవాలయంలో, పన్నెండు ఎద్దుల ప్రతిమల మీద నిలిపిన తొట్టిలో, పురుషుని కోసం పురుషుడు, స్త్రీ కోసం స్త్రీ మునుగుతారు. మునిగేవారిలో పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలూ ఉంటారు. ఎనిమిదేళ్ళలోపు చనిపోయిన బిడ్డలకు బాప్తిస్మమే అవసరం లేదని, వారు దేవుని కృపలో ఉన్నారని బోధిస్తారు. తర్వాతి సంస్కారాలలో భార్యాభర్తలను, తల్లిదండ్రులను, పిల్లలను శాశ్వతంగా ముడివేసే క్రియ ముఖ్యమైనది. ఇందులో మృతుల ఆత్మలను పిలవడం, వారితో మాట్లాడించడం ఎంతమాత్రం లేదు. అటువంటి ప్రయత్నాలను ఆ సంఘం గట్టిగా నిరోధిస్తుంది.

అన్నిటికంటే కీలకమైన అంశం ఏమిటంటే, ఈ బాప్తిస్మంతో మృతుడు ఆ మతస్థుడైపోడు. అతని పేరు సభ్యుల జాబితాలో చేరదు. ఆత్మల లోకంలో ఆ వ్యక్తి సువార్త విని, తన ఇష్టప్రకారం స్వీకరించవచ్చు, తిరస్కరించవచ్చు. బతికున్నవారు చేసేది అతని ముందు అవకాశం ఉంచడమే. మనిషి ఎంపికను దేవుడు కూడా బలవంతం చేయడన్నది వారి సిద్ధాంతానికి మూలస్తంభం.

మన తర్పణాలకు దీనికి పోలిక చెప్పేవారున్నారు. పోలిక ఉంది, తేడా ఇంకా ఎక్కువ ఉంది. మహాలయ పక్షంలో మన వంశం వారికే కాక గురువులకు, మిత్రులకు, చివరకు తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివారికి కూడా నీళ్ళు వదులుతాం. చనిపోయినవారి కోసం బతికున్నవారు చేయవలసింది ఉందన్న భావం రెండు చోట్లా ఒక్కటే. అయితే తద్దినంలో మనం పితరులకు తృప్తి కోరుతామే తప్ప, వారు నమ్మిన దైవాన్ని కాక మరో దైవాన్ని నమ్మే అవకాశం కోరము. ఏటా నవంబరు 2న సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే మన కథోలిక సోదరులు కూడా తమవారి ఆత్మశాంతి కోసం ప్రార్థిస్తారు గానీ వారి తరఫున ఎవరూ కొత్తగా బాప్తిస్మం పొందరు. ఈ తేడాను దాచడం ఎవరికీ మర్యాద కాదు.

ఈ తేడా వల్లే గొడవలు వచ్చాయి. నాజీల చేతిలో చనిపోయిన లక్షలాది యూదుల పేర్లతో ఈ తంతు జరిగిందని తెలిసినప్పుడు యూదు సంస్థలు తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. యూదులైనందుకే చంపబడినవారికి చచ్చాక మరో మతపు సంస్కారమా అన్న వారి వేదనలో న్యాయముంది. 1995లో ఒప్పందం కుదిరి, ఆ పేర్లను తొలగించడానికి, సొంత పూర్వీకులకు మాత్రమే పరిమితం కావడానికి సంఘం అంగీకరించింది. అయినా 2012లో, నాజీ నేరస్థులను వెతికి పట్టించిన యూదుడు సైమన్ వీసెన్‌తాల్ తల్లిదండ్రుల పేర్లు బయటపడి సంఘం క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మహాత్మా గాంధీ పేరు కూడా అలా వాడారని అదే ఏడాది పత్రికల్లో వచ్చింది. 2008లో వాటికన్ తన చర్చిల రిజిస్టర్లను వారికి ఇవ్వవద్దని బిషప్పులకు ఆదేశం పంపింది. ఇప్పుడు సంఘం నియమం ప్రకారం సభ్యులు తమ బంధువుల పేర్లే ఇవ్వాలి. గత 110 ఏళ్ళలో పుట్టినవారైతే జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులలో బతికున్నవారి అనుమతి ఉండాలి.

నా అభ్యంతరం ఈ 110 ఏళ్ళ గీత దగ్గరే ఉంది. అరవై ఏళ్ళ మనిషి తద్దినం పెడితే తండ్రి, తాత, ముత్తాతలను పేరు, గోత్రం చెప్పి పిలుస్తాడు. ఆ తాత 1910 ప్రాంతంలో, ముత్తాత 1885 ప్రాంతంలో పుట్టి ఉంటారు. ఆ ఇద్దరూ గీతకు అవతలివారే. మన ఇళ్ళలో వారు ఏటా భోజనానికి పిలవబడుతున్న పెద్దలు, మరచిపోయిన పాతవారు కారు. పైగా మన పల్లెల్లో ఆ తరం వారి పుట్టిన సంవత్సరం కచ్చితంగా చెప్పగలవారే లేరు. ఒక కుటుంబంలో ఒక మనవడు ఆ విశ్వాసం స్వీకరించి, మిగిలిన పదిమంది హిందువులుగానో, సి.ఎస్.ఐ. క్రైస్తవ సంఘస్థులుగానో ఉన్నప్పుడు, ఉమ్మడి ముత్తాత పేరు మీద ఒక్కరి ఇష్టమే చెల్లడం సబబు కాదు. మృతునికే కాదనే హక్కు ఇచ్చిన సిద్ధాంతం, ఆ మృతుని ఏటా స్మరించే బతికున్నవారిని అడగడానికి వెనుకాడకూడదు.

ఇది దూరదేశపు సంగతి అనుకోవడానికి లేదు. దేశంలో వారి తొలి స్టేక్, అంటే అనేక స్థానిక సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది మన హైదరాబాదులోనే. దేశంలో వారి తొలి దేవాలయాన్ని బెంగళూరులో కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో పని మొదలుపెట్టారు. చిత్తూరు నుంచి అది బస్సులో కొద్ది గంటల ప్రయాణం. హరిద్వార్ పండాల, అంటే అక్కడి తీర్థ పురోహితుల, వంశావళి పుస్తకాలను మైక్రోఫిల్ములలో భద్రపరచింది కూడా ఈ సంఘపు వంశచరిత్ర విభాగమే. ఆ మేలు చిన్నది కాదు. చెదలకు, వానకు పోవలసిన పేర్లు వారి శ్రమ వల్ల నిలిచాయి, వాటిని మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు. చరిత్ర చదివినవాడిగా అందుకు నేను కృతజ్ఞుణ్ణి.

కాబట్టి ఆ వెబ్‌సైటులో పేర్లు నింపవద్దని నేను చెప్పడం లేదు. నింపేవారు అది ఎవరిదో, ఏ విశ్వాసంతో నడుస్తోందో తెలుసుకొని, ఇంట్లో తద్దినం పెట్టేవారిని, అక్కచెల్లెళ్ళను కూడా ఒక మాట అడిగి నింపాలని కోరుతున్నాను. ఆ సంఘస్థులైన తెలుగువారు తమ పూర్వీకుల పేర్లు దేవాలయానికి సమర్పించే ముందు, 110 ఏళ్ళ నియమంతో నిమిత్తం లేకుండా, దాయాదుల సమ్మతి తీసుకోవాలని మనవి. తమ పత్రిక మహాలయ పక్షం, సమాధుల పండుగ సందర్భాలలో ప్రచురించే ప్రత్యేక వ్యాసాలలో ఈ విశ్వాసం గురించి కూడా, హైదరాబాదులోనో రాజమహేంద్రవరంలోనో ఉన్న ఆ సంఘ సభ్యుల చేతనే రాయించి ప్రచురించగలరు. నేను లేవనెత్తిన అనుమతి విషయానికి వారు అందులో సమాధానం ఇస్తే సంతోషిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు,
తిరుపతి.