గోడమీది ప్రొటోకాల్ కాగితం మార్చండి: ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. మా వార్డు గోడకు అంటించిన చికిత్స సూచనల కాగితం రంగు వెలిసింది. అందులో కొన్ని సూచనలకూ కాలం చెల్లింది.

నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉంటే, తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తులకు మేలు చేస్తుందని 1972లోనే ట్రయల్ (రోగులమీద మందును పరీక్షించే అధ్యయనం) చూపింది. అది విస్తృతంగా వాడుకలోకి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. కానీ 2020 జూన్‌లో, వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు మరణాలను దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని తెలిసింది. రోజుల్లోనే వాడకం మొదలైంది. అదేమీ కొత్త మందు కాదు, ఖరీదైనదీ కాదు. తలుచుకుంటే వేగం సాధ్యమేనన్నమాట!

మొదలుపెట్టడం కంటే మానడమే కష్టం. గుండెజబ్బు లేని వృద్ధులకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఆస్పిరిన్‌తో పెద్దగా లాభం లేదని, రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుందని 2018లో పెద్ద ట్రయల్ తేల్చింది. ఆ తర్వాత కూడా కొంతకాలం నా చెయ్యి అలవాటుగా అదే రాసేది. ఒప్పుకుంటున్నాను.

పరికరాలనూ గుడ్డిగా నమ్మలేం. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ నల్లని చర్మం ఉన్నవారిలో ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపించవచ్చు. ఎక్స్‌రేలు చదివే ఏఐ సాఫ్ట్‌వేర్‌ను కొనేముందు మన రోగుల ఫిల్ములతోనే పరీక్షించండి.

ప్రతి ప్రొటోకాల్ మీదా మళ్లీ సమీక్షించే తేదీ వేయించండి. వారానికో గంట చదువుకోవడానికి డ్యూటీలోనే సమయమివ్వండి. నైట్ డ్యూటీ దిగాక జర్నల్ తెరిస్తే నిద్రే వస్తుంది సార్.

ఇట్లు,
ఒక వార్డు డాక్టర్