మచ్చలు పోయాయంటే కన్ను బాగైనట్టేనా?

సంపాదకుల వారికి,

కంటి ఆపరేషన్ అంటే మన జిల్లాలో ఇప్పటికీ శుక్లం ఆపరేషనే. లెన్స్ పెట్టారు, చుక్కల మందు రాశారు, అద్దాలిచ్చారు, అయిపోయింది. మాక్యులాకు, అంటే కంటి వెనక తెర రెటీనా నట్టనడుమ ఉండే భాగానికి, చేసే ఆపరేషన్ అట్లా కాదు. పేపర్ చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, ఎదురొచ్చే మనిషిని పోల్చుకోవాలన్నా రెటీనాలో ఆ కాస్త భాగమే దిక్కు. అక్కడ ఆపరేషన్ అయి ఊరికొచ్చిన రోగిని ఆ తర్వాత చూసుకునేదెవరు?

మా పెద్దక్కకు మాక్యులాలో రంధ్రం పడితే బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. కంటి లోపలి జిగురు తీసేసి, రెటీనా మీది సన్నని పొర ఒలిచి, గ్యాస్ నింపారు. చెప్పినన్నాళ్లూ పాపం బోర్లానే పడుకుంది. రంధ్రం మూసుకుంది, ఆ పనిలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఆమెకు రెండు కళ్లలోనూ డ్రూసెన్ అనే మచ్చలు ఉన్నాయి. వయసు మీద పడేకొద్దీ రెటీనా అడుగున పేరుకునే కొవ్వు, ప్రొటీన్ల మడ్డి అది. చెమ్మ పట్టిన గోడకు సున్నం ఉబ్బినట్టు, రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే ఓసీటీ స్కాన్ కాగితంలో గీత అక్కడక్కడా పైకి లేచి కనిపిస్తుంది. ఆపరేషన్ తర్వాత తీసిన స్కాన్‌లో ఆ కంటి ఉబ్బులు చాలావరకు అణిగిపోయాయి. రెండో కంట్లో ఎక్కడివక్కడే ఉన్నాయి. ‘మచ్చలు కూడా పోయాయమ్మా, నీ అదృష్టం’ అన్నారు అక్కడి సిబ్బందిలో ఒకరు. ఇక ఆమెను మళ్లీ స్కానింగ్‌కు ఒప్పించడం మా తరం కాలేదు.

ఇట్లాంటి ఆపరేషన్ తర్వాత కొందరిలో డ్రూసెన్ తగ్గినట్టు వైద్య పత్రికల్లో వచ్చింది. అసలు ఆపరేషన్‌తో పని లేకుండానే అవి పెరుగుతాయి, తగ్గుతాయి కూడా. చిక్కల్లా ఏమిటంటే, మడ్డి కరిగిన చోటే ఒక్కోసారి దాని పైనుండే కణాల పొర చచ్చుబడి, చూపు మెల్లగా తగ్గిపోతుంది. అమెరికాలో రెండు కళ్లలోనూ డ్రూసెన్ ఉన్న 1,052 మందికి ఒక కంటికి లేజర్ చేసి, రెండోదాన్ని అట్లాగే వదిలి ఐదేళ్లపాటు గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. లేజర్ చేసిన కంట్లో డ్రూసెన్ తగ్గాయి గానీ, చూపు నిలబెట్టడంలో దానివల్ల ఒరిగిందేమీ లేదు. అది లేజర్ సంగతే అయినా, ‘మచ్చలు పోయాయి’ అని రోగిని ఇంటికి పంపేవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోవాల్సిన విషయం.

గుంతకల్లు, రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు వాళ్లు ప్రతి చెకప్‌కూ బెంగళూరుకో కర్నూలుకో పోలేరు. ముసలివాళ్లకు తోడు ఒకరు, ఆ తోడుకు కూలి పోవడం, బస్సు చార్జీలు. పోనీ దగ్గర్లోనే స్కాన్ తీయిద్దామంటే పాతది చేతిలో ఉండదు. ఉన్నా, ఒక కంపెనీ మిషన్ చూపించిన రెటీనా మందాన్ని ఇంకో కంపెనీ మిషన్ కొలతతో నేరుగా పోల్చకూడదు. రంగు రంగుల ప్రింటు ఒకటి ఇచ్చి పంపితే సరిపోతుందా? బొమ్మలన్నీ సీడీలోనో ఫోన్‌లోకో ఇవ్వాలి. డిశ్చార్జి కాగితమైతే మొత్తం ఇంగ్లీషే. మా అక్క దాన్ని భద్రంగా బీరువాలో పెట్టింది, అంతకు మించి ఏం చేస్తుంది?

2019 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటి వెలుగు మొదలైంది మన అనంతపురంలోనే. బడిపిల్లలతో మొదలై అవ్వాతాతల దాకా వచ్చింది. అద్దాలు, శుక్లాల వరకు మంచి పనే. రెటీనా రోగుల కోసం కూడా జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో ఒక రోజు కేటాయించి, ఓసీటీ తీసి, ఆపరేషన్‌కు ముందూ వెనకా బొమ్మలు పక్కపక్కన పెట్టి చూసే డాక్టరును కూర్చోబెట్టాలి. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నారన్నది అడ్డు కాకూడదు.

దీనికి డబ్బు, మనుషులు కావాలి, ఒప్పుకుంటాను. పెద్దగా ఖర్చు లేని పని కూడా ఒకటుంది. గడుల చార్టు ఒకటి తెలుగు సూచనలతో అచ్చేసి ప్రతి రోగికీ ఇవ్వొచ్చు. ఒక కన్ను మూసి, రెండో కంటితో చూడాలి. తర్వాత కళ్లు మార్చాలి. ఆపరేషన్ అయిన కంట్లో గీతలు ముందునుంచే కాస్త వంకరగా ఉండొచ్చు. ఆ వంకర పెరిగినా, మధ్యలో కొత్తగా నల్లమచ్చ వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి రమ్మని పెద్దక్షరాల్లో రాయాలి. ఇంజెక్షన్‌తో ఆపగలిగే జబ్బు అయితే వారాలు గడిచేకొద్దీ చూపు చేజారుతుంది. జిల్లా వైద్యాధికారులు కనీసం ఈ చార్టు సంగతైనా చూడాలని కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ టీచర్, అనంతపురం